చప్పుడు చెయ్యని డబ్బా

మేడమీది ఇల్లు,
జూన్ 9

శ్రీవారికి,

మీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం వచ్చింది. షాపుకి బయల్దేరుతూ మెట్ల మీదే చించి చదివాను. చదివి అక్కడే కూర్చుండిపోయాను. కింది వాటా ఆవిడ కంగారు పడిపోయి, "ఏమైందమ్మా, ఎవరికన్నా ఏమన్నా..." అంటూ గ్లాసుతో నీళ్ళు కూడా తెచ్చేసింది. మంచి వార్తేనండీ బాబూ అని ఆవిడని నమ్మించేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది.

నాకు సరిగ్గా అర్థమైందో లేదో చూడండి. సొరంగం బొమ్మలు గీసేవాళ్ళలో ఇద్దరిని ఇంటి దగ్గరే కూర్చుని గీసి పంపమంటోంది మీ కంపెనీ. కంప్యూటర్ మాత్రం మనదే అయి ఉండాలి. వాళ్ళు పంపే పరీక్ష ఫైలు అందులో తెరుచుకుని, సొరంగం బొమ్మ ఎటు తిప్పితే అటు ఆగకుండా తిరగాలి. సెప్టెంబరు నెలాఖరు గడువు. అంతే కదా? అంటే ఒక డబ్బా కొంటే మొగుడు ఇంటికొస్తాడు. ఇంత చవక బేరం నా జన్మలో వినలేదు.

సాయంత్రం మా కళ్ళద్దాల షాపు మూసేసి, తిన్నగా సందు చివర రేడియో బాబాయి దగ్గరికి వెళ్ళాను. ముప్పై ఏళ్ళు రేడియోలు బాగుచేసి, ఇప్పుడు కంప్యూటర్ ముక్కలు అమ్ముతున్నాడు కదా, ఆయనే. "తయారుగా ఉన్నది కొనకమ్మా. ముక్కలు ముక్కలుగా ఏరుకుందాం, నేను బిగించిపెడతా" అన్నాడు. నా దగ్గర యాభై వేలున్నాయని చెప్పాను. అంతకు మించి లేవు, ఉన్నా ఆయనకి చెప్పను. ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు, పవర్ సప్లై, క్యాబినెట్ అని ఒక కాగితం మీద రాసిచ్చాడు. ఇంటికొచ్చి కూరగాయల చీటీలాగా పదిసార్లు చదివాను. ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ సంతోషంగా ఉంది.

నేను అడిగింది మటుకు ఒకటే. చప్పుడు చెయ్యకూడదు. ముందు గదిలో కిటికీ దగ్గర బల్ల వేస్తాను, ఆ పక్కనే చిట్టి మంచం. పైగా మీ సంగతి నాకు తెలీదా? గోడ గడియారం టిక్కుటిక్కుమంటోందని బ్యాటరీ పీకేసి, పొద్దున్నే టైమెంతయిందే అని నన్ను అడిగిన మహానుభావులు మీరు. బాబాయి దగ్గర లోపలంతా స్పాంజి అతికించిన క్యాబినెట్ ఒకటుంది. పక్కన కూర్చున్నా తిరుగుతోందో లేదో తెలీదట.

మూడేళ్ళు. చిట్టికి నాలుగో ఏడప్పుడు వెళ్ళారు. ఇప్పుడు మీ చొక్కా తను తొడుక్కుని నాన్న ఇంత పొడుగుంటాడు అని చెయ్యెత్తి చూపిస్తోంది, ఒక్కోసారి ఒక్కో ఎత్తు.

అన్నట్టు, సెల్లు పలకని ఆ కొండలో మీకున్న ఒక్క క్యాంపు ఫోను ఏమైంది? ఎన్ని ఆదివారాలు అయిందో లెక్క కూడా తప్పింది. పది నిమిషాలే కదా మీ వంతు. పది నిమిషాలూ నేనే మాట్లాడతాలెండి, మీరు వినండి చాలు.

మీ
చిట్టి వాళ్ళమ్మ


సొరంగం క్యాంపు, మూడో షెడ్డు,
జూన్ 22

చిట్టి వాళ్ళమ్మకి,

గురువారం సరుకుల వ్యానులో నీ ఉత్తరం వచ్చింది. నీకు సరిగ్గానే అర్థమైంది. మొగుడి ఖరీదు యాభై వేలని తేల్చేశావు, బానే ఉంది.

ఇప్పుడు జాగ్రత్తగా చదువు. మేము కొండలో ఒక్కో గజం పేల్చినప్పుడల్లా ఎక్కడ ఎంత రాయి ఊడిందో కొలిచి బొమ్మలో కలుపుతాం. ఆ బొమ్మ మూడేళ్ళుగా పెరిగి పెరిగి ఏనుగంత అయింది. దాన్ని తిప్పాలంటే దమ్ము కావాలి. ఆ దమ్మంతా గ్రాఫిక్స్ కార్డులో ఉంటుంది. కాబట్టి డబ్బు అక్కడ పెట్టు. ప్రాసెసర్ మధ్యరకం చాలు. ర్యామ్ పదహారు, ఒకటే ముక్క కాకుండా ఎనిమిదివి రెండు తీసుకో, జోడెడ్లలాగా పని చేస్తాయి. పవర్ సప్లైలో మాత్రం కక్కుర్తి పడొద్దు. అది చెడిపోతే మిగతావాటిని కూడా వెంట తీసుకుపోతుంది.

క్యాబినెట్ ఏదైనా ఫర్వాలేదు. రేకు డబ్బా చాలు. ఫ్యాను ఎంత మోగినా నాకేం ఇబ్బంది లేదు. ఇక్కడ అలవాటైపోయింది.

ఫోను సంగతి. లైను అస్సలు బాగుండటం లేదు, ఒకటే గరగర. మా వంటమనిషి భార్యకి నెలలు నిండాయి, నా వంతు అతనికి ఇచ్చేశాను. నువ్వు ఉత్తరాలే రాయి. ఉత్తరమైతే దాచుకోవచ్చు, భోజనం చేస్తూ మళ్ళీ చదువుకోవచ్చు. నీ ఉత్తరం మీద పప్పు మరకలు మూడు పడ్డాయి.

ఇక్కడ షెడ్డు కిటికీలోంచి వ్యాను వచ్చే దారి కనిపిస్తుంది. ఆ దారే చూస్తూ బొమ్మలు గీస్తున్నాను. చిట్టి చూపించే ఎత్తుల్లో బాగా ఎక్కువ ఎత్తుది నిజమని చెప్పు.

నీ
చిట్టి వాళ్ళ నాన్న


మేడమీది ఇల్లు,
జూలై 6

శ్రీవారికి,

జాబితా అందింది. జోడెడ్లు కూడా అందాయి. రెండు ర్యామ్‌లనీ చిట్టి చేతిలో పెడితే "ఇవేనా ఎడ్లు?" అని ముక్కు విరిచింది. దానికి రంగురంగుల లైట్లు వెలిగే ఫ్యానులు కావాలట. వాళ్ళ క్లాసులో ఎవరింట్లోనో ఉన్నాయట. మీ నాన్న వస్తాడే, ఆయనకే లైట్లు పెడదాంలే అన్నాను.

ఇక నా మాట. మీకు కోపం వచ్చినా సరే. ఆ స్పాంజి క్యాబినెట్టే కొన్నాను. దాంతోపాటు తిరిగినా వినపడని పెద్ద ఫ్యాను, మంచి స్పీకర్ల జత కూడా తీసుకున్నాను. గ్రాఫిక్స్ కార్డు మటుకు ఒక మెట్టు దిగాల్సి వచ్చింది. "ఇది కూడా లాగేస్తుందేమోనమ్మా, చూద్దాం" అన్నాడు బాబాయి. ఆయన చూద్దాం అన్నాడంటే సగం అయినట్టే.

ఎందుకు కొన్నానంటారా? మీరు ఆఫీసుకి కంప్యూటర్ కొంటున్నారు. నేను ఇంటికి కొంటున్నాను. రోజూ మీరు కిటికీ దగ్గర గీసుకుంటూ ఉంటారు, నేను వంటింట్లోంచి ఏదో ఒకటి వాగుతూ ఉంటాను, మీరు తల తిప్పకుండానే బదులిస్తారు. ఈ మూడేళ్ళూ నేను కలగన్నది ఆ ఒక్కటే. దాని మధ్యలో పిండిమరలా మోగే డబ్బా నాకొద్దు.

ఇంకొకటి అడగాలి. ఎలా అడగాలో తెలీక నాలుగు రోజులుగా ఈ ఉత్తరం దిండు కిందే ఉంది. మీరు ఆఖరిసారి ఫోను చేసిన రోజు గుర్తుందా? చిట్టి "నాన్నా, నా ముందు పన్ను ఊడిపోయింది" అంటే "శభాష్, బాగా చదువుకో" అన్నారు. అది తెల్లబోయి ఫోను నాకిచ్చింది. నేను ఒంట్లో ఎలా ఉందంటే ఊ అన్నారు. ఎప్పుడొస్తారంటే ఊ అన్నారు. పెట్టేయనా అంటే కూడా ఊ అన్నారు. పెట్టేశాను. పెట్టేసి ఏడ్చాను.

వంటమనిషి భార్యకి నెలలు నిండితే ఇన్నాళ్ళు నిండుతూనే ఉంటాయా? నాతో మాట్లాడటం మీకు విసుగ్గా ఉందేమో. అలాగైతే అదే రాసేయండి. ఊరికే బెంగపడటం కన్నా తెలిసి ఏడవటం మేలు.

మీ
చిట్టి వాళ్ళమ్మ


సొరంగం క్యాంపు,
జూలై 17

చిట్టి వాళ్ళమ్మకి,

స్పాంజి డబ్బా ఎవరడిగారు నిన్ను? ఫ్యాను మోగినా ఫర్వాలేదని అంత స్పష్టంగా రాశాను కదా! ఆ కార్డు మీద ఫైలు తిరగదు. తెరుచుకుంటుంది, తిరగదు. వెంటనే డబ్బా వెనక్కిచ్చి కార్డు మార్చు. స్పీకర్లు కూడా ఇచ్చెయ్యి. బొమ్మలు గీసేవాడికి స్పీకర్లెందుకు?

మధ్యాహ్నం ఇంతవరకూ రాసి లేచిపోయాను. ఇప్పుడు మళ్ళీ చదివితే నాకే సిగ్గేసింది. చింపేద్దామంటే వ్యాను కదలబోతోంది, కాగితం ఇదొక్కటే ఉంది. పై నాలుగు ముక్కలూ రాసినవాడు ఎవడో అనుకో.

విసుగా? నీ మీదా? నువ్వు రాసిన ఆ వంటింటి మాట ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. నాకూ అదే కావాలి. అంతకన్నా వేరే ఏమీ అక్కర్లేదు. కానీ పరీక్ష నెగ్గాలి. నెగ్గకపోతే ఏమవుతుందో నువ్వనుకుంటున్నట్టు కాదు, వ్యవహారం వేరేగా ఉంది. ఎదురుగా చెబుతాను. ముందు కార్డు మార్చు. ఈ ఒక్కసారికి నా మాట విను.

నాన్న


మేడమీది ఇల్లు,
ఆగస్టు 3

ఏమండీ,

పరీక్ష ఫైలు ఉన్న పెన్‌డ్రైవ్ మొన్న పోస్టులో వచ్చింది. మీ ఉత్తరం ఆ తర్వాత రోజు వచ్చింది. అప్పటికే బాబాయి బిగించిపెట్టేసి, ఫైలు కూడా తెరిచాం.

డబ్బా ఎంత నిశ్శబ్దంగా ఉందంటే కరెంటు వచ్చిందా లేదా అని బాబాయే రెండుసార్లు వంగి చూశాడు. నేను మురిసిపోయాను. తెర మీద మీ సొరంగం వచ్చింది. ఎంత బాగుందండీ! మీరు మూడేళ్ళు గీసింది మొదటిసారి చూశాను. బాబాయి మౌసు పట్టుకుని ఇలా తిప్పబోయాడు, సగం తిరిగి ఆగిపోయింది. మళ్ళీ తిప్పితే కంప్యూటరే బిగుసుకుపోయింది. "నాన్న లోపలే ఉండిపోయాడు" అని చిట్టి ఏడుపు మొదలెట్టింది. దాన్ని ఊరుకోబెట్టేసరికి నాకూ వచ్చేసింది. బాబాయి పాపం స్క్రూడ్రైవర్ పట్టుకుని గోడకేసి చూస్తూ నిలబడ్డాడు.

తప్పు నాదే. మీరు చెప్పింది పెడచెవిన పెట్టాను. ఒప్పుకుంటున్నాను. ఇప్పుడు నేను అడిగినదానికి మీరు ఒప్పుకోవాలి.

మా షాపుకి నిన్న ఒక పెద్దాయన వచ్చాడు. గోడ మీది అక్షరాల అట్ట చూసి పై వరస నుంచి కింది వరస దాకా గడగడా చదివేశాడు. మరీ అంత గడగడా చదివితే నాకు అనుమానం. అట్ట తీసేసి వేరేది పెట్టాను. పై అక్షరం కూడా చెప్పలేకపోయాడు. వరసలో తన ముందున్నవాళ్ళు చదువుతుంటే విని బట్టీపట్టాడట. ఎందుకయ్యా అంటే, లారీ తోలడం మానెయ్యమంటారని భయం అన్నాడు. పదేళ్ళుగా చూస్తున్నాను ఇలాంటివాళ్ళని. కనపడనివాడు ఎప్పుడూ కనపడటం లేదని అనడు. వెలుతురు బాలేదంటాడు, అట్ట పాతదంటాడు.

ఇంటికొచ్చి మీ ఉత్తరాలన్నీ మంచం మీద వరసగా పరిచాను. లైను బాలేదు. గరగర. ఫ్యాను ఎంత మోగినా ఇబ్బంది లేదు. స్పీకర్లెందుకు. చిట్టి పన్ను ఊడిందంటే శభాష్. నేనేమన్నా ఊ.

నన్ను చూసి చెప్పండి. ఇంత దూరంనుంచి చూడలేరు గానీ, చూస్తున్నట్టే అనుకుని చెప్పండి. మీకు వినపడుతోందా?

చిట్టి వాళ్ళమ్మ


సొరంగం క్యాంపు,
ఆగస్టు 14

నా తల్లీ,

లేదు.

ఆ ఒక్క మాట రాయడానికి నాలుగు నెలలు పట్టింది. ఇక అంతా చెప్పేస్తాను.

పేల్చే ముందు సైరను మోగుతుంది, మేమంతా వెనక్కి వచ్చేయాలి. ఏప్రిల్ మొదట్లో ఒకరోజు, సొరంగం చివర పేల్చాల్సిన రాతి ముఖం దగ్గర కొలతలు రాసుకుంటున్నాను. ఎవరో చొక్కా పట్టుకుని వెనక్కి లాగారు. మేస్త్రీ. సైరను మోగి అప్పటికి చాలాసేపయిందట. అతని ముఖం నా ముఖానికి జానెడు దూరంలో ఉంది, నోరంతా తెరిచి అరుస్తున్నాడు. నాకు ఎక్కడో దూరాన ఎవరో మాట్లాడుకుంటున్నట్టు వినిపించింది. అప్పుడు తెలిసింది. అంతకు ముందు కూడా కొంచెం కొంచెం తగ్గుతూనే ఉంది, అందరూ మెల్లగా మాట్లాడుతున్నారనుకునేవాణ్ణి.

కింద పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవిలో కాస్త మిగిలింది. మిషను పెడితే చప్పుడు తెలుస్తుంది గానీ మాట విడిపోదన్నాడు డాక్టరు. అంటే ఎవరో ఏదో అంటున్నారని తెలుస్తుంది, ఏమంటున్నారో తెలియదు. ఆ రోజునుంచి నన్ను సొరంగంలోకి రానివ్వటం లేదు. షెడ్డులో కూర్చుని గీస్తున్నాను. కొండ పని సెప్టెంబరుతో అయిపోతుంది, షెడ్డు తీసేస్తారు. ఆ ఇద్దరిలో నేనొకణ్ణి కాకపోతే ఇంటికి మామూలుగానే వస్తాను, పని లేకుండా. ఈ వయసులో, ఈ చెవులతో కొత్త పని ఎవరిస్తారు? అందుకే కార్డు కార్డు అని నీ ప్రాణం తీశాను.

ఆ ఆఖరి ఫోను గురించి. ముందు చిట్టి అనుకుంటా, ఆ తర్వాత నువ్వు. రిసీవరు కుడి చెవికి అదిమిపెట్టి, రెండో చేత్తో బల్ల పట్టుకుని నిలబడ్డాను. గొంతులు మారాయని మాత్రం తెలిసింది. ఊ అన్నాను. నువ్వు పెట్టేశావని కూడా తెలియలేదు. వరసలో నా వెనక ఉన్నవాడు భుజం తట్టేదాకా ఊ కొడుతూనే ఉన్నాను.

నీకెందుకు చెప్పలేదంటే, భయపడతావని కాదు. జాలిపడతావని. గడియారం చప్పుడుకి నిద్రపట్టని మొగుడిగానే నీకు గుర్తుండాలనుకున్నాను. తప్పే. తెలుసు.

ఇంకొకటి ఉంది. ఇది ఎవరికీ చెప్పుకోలేదు. నీ గొంతు మర్చిపోతున్నాను. నువ్వన్న మాటలన్నీ గుర్తున్నాయి. పెళ్ళయిన కొత్తలో ఏమన్నావో, చిట్టి పుట్టినప్పుడు ఏమన్నావో, ముక్కముక్కా చెప్పగలను. కానీ అన్నీ నా గొంతుతోనే వినిపిస్తున్నాయి. పొద్దున్నే లేచి కళ్ళు మూసుకుని పట్టుకుందామని చూస్తాను. ఒక్కోరోజు నువ్వు నవ్వే ముందు తీసే ఊపిరి మాత్రం దొరుకుతుంది. ఒక్కోరోజు అదీ ఉండదు. ఇల్లు వదిలి మూడేళ్ళయినా ఇంత బెంగ ఎప్పుడూ పెట్టుకోలేదు.

వంటమనిషికి ఆడపిల్ల పుట్టింది. అది మాత్రం నిజం.

నీ
చిట్టి వాళ్ళ నాన్న


మేడమీది ఇల్లు,
ఆగస్టు 25

మీకు బుద్ధుందా?

నాలుగు నెలలు! జాలిపడతానా? నేనా? కట్టుకున్న నాటినుంచి మీ మీద జాలిపడిన రోజు ఒక్కటి చూపించండి. కోపం వచ్చింది, నవ్వొచ్చింది, ఒకసారి అన్నం గిన్నె కూడా విసిరాను, మీకు తెలుసు. జాలి ఎక్కడిది? మీరు ఇంటికి రండి, అప్పుడు చెబుతాను మీ సంగతి. వినపడకపోతే రాసి మరీ తిడతాను.

ఉత్తరం చదివి ఏడ్చానని వేరే చెప్పాలా? షాపుకి కూడా వెళ్ళలేదు. చిట్టి స్కూలునుంచి వచ్చి నా ముఖం చూసి ఏమైందమ్మా అంది. దాచలేదు. నాన్నకి చెవులు వినపడటం లేదట అని చెప్పేశాను. "అయితే నా పన్ను ఊడిందని చెప్పింది నాన్నకి వినపడలేదా?" అంది. లేదే అన్నాను. "హమ్మయ్య" అంది. అంత సంతోషం ఎందుకో నాకప్పుడు అర్థమైంది. నాలుగు నెలలుగా ఆ పిల్ల మనసులో శభాష్ అన్న మాట ముల్లులా ఉండిపోయింది. మీరు దాచినందుకు ఇది కూడా మీ లెక్కలోనే రాసుకోండి.

మర్నాడు రేడియో బాబాయి దగ్గరికి వెళ్ళాను. స్పాంజి క్యాబినెట్, వినపడని ఫ్యాను, స్పీకర్లు అన్నీ రిక్షాలో వేసుకుని. "ఇవన్నీ తీసేసుకో బాబాయ్, నాకు పెద్ద కార్డు ఇవ్వు" అన్నాను. ఒకసారి బిగించినవి తీసుకోనమ్మా అన్నాడు. ఎందుకు కావాలో చెప్పాను. ముప్పై ఏళ్ళు జనానికి పాటలు వినిపించడానికి రేడియోలు బాగుచేసిన మనిషి. అన్నీ వెనక్కి తీసుకున్నాడు. ఎవరో ఆటల కోసం ఏడాది వాడి అమ్మేసిన పెద్ద కార్డు ఉంటే, దాన్ని విప్పి, బ్రష్షుతో దుమ్ము దులిపి, లోపల వేడి లాగే కొత్త పేస్టు రాసి బిగించాడు. "ఇది తిప్పుతుందమ్మా. కానీ గోల చేస్తుంది, ముందే చెబుతున్నా" అన్నాడు. క్యాబినెట్ కూడా ఆయన కొట్లో మూలన పడున్న రేకు డబ్బా. ఒక పక్క తలుపు లేదు.

గోలంటే గోల కాదండీ. ఆన్ చేస్తే కింది వాటా ఆవిడ పైకొచ్చి ఏం రుబ్బుతున్నారని అడిగింది. చిట్టి రెండు చేతులతో చెవులు మూసుకుని నవ్వింది. నిశ్శబ్దం కోసం నేను పడ్డ పాట్లన్నీ తలుచుకుంటే నాకూ ఆగలేదు. నవ్వుతూ కూర్చుండిపోయాను.

సొరంగం తిరిగిందండీ. ముందు మెల్లగా, తర్వాత బొంగరంలాగా. చిట్టి మౌసు వదలదు. రాతి ముఖం దగ్గరకొచ్చేసరికి నేనే ఆపమన్నాను. అక్కడే కదా మిమ్మల్ని చొక్కా పట్టుకుని లాగింది. ఆ మేస్త్రీ ఎవరో గానీ, ఆయనకి నా దండాలని చెప్పండి.

ఫైలుతోపాటు వచ్చిన పరీక్ష కాగితాలు నింపి మీ ఆఫీసుకి ఈ రోజే పంపాను. నా గొంతు సంగతి వదిలేయండి. అదేమంత గొప్ప గొంతని. మీరు రండి.

మీ
చిట్టి వాళ్ళమ్మ


సొరంగం క్యాంపు,
సెప్టెంబర్ 19

చిట్టి వాళ్ళమ్మకి,

ఇద్దరిలో నేనొకణ్ణి. కాగితం నిన్న చేతికిచ్చారు.

వచ్చే గురువారం వ్యానులో దిగుతాను. సామాను ఒక పెట్టె, నీ ఉత్తరాలు. మేస్త్రీకి నీ దండాలు అందాయి. ఆయన ఏదో అన్నాడు. నాకు వినపడలేదు గానీ కళ్ళు తుడుచుకున్నాడు కాబట్టి మంచి మాటే అయి ఉంటుంది.

చిట్టికి చెప్పు, పన్ను ఊడిన సంగతి నాన్నకి తెలిసిందని. వచ్చాక ఆ ఖాళీ చూపించమను.

నాన్న


మన ఇల్లు, వంటింటి గుమ్మం,
అక్టోబర్ 11

ఏమండీ,

నవ్వకండి. ఆరడుగుల దూరంలో ఉన్న మొగుడికి ఉత్తరం రాస్తున్నాను. మీరు అవతల కిటికీ దగ్గర గీసుకుంటున్నారు, మీ డబ్బా హోరున మోగుతోంది. చిట్టి స్కూలుకెళ్ళింది.

పలక మీద రాసి చూపించొచ్చు. అన్నం పెట్టనా, బల్బు మార్చండి, ఇలాంటివి పలక మీద బాగానే ఉంటాయి. ఇది పలక మీద పట్టదు.

మీరొచ్చిన రోజు ఎంత సంతోషించానో. ఇంకేం కావాలే నీకు అని నన్ను నేనే తిట్టుకుంటున్నాను. అయినా పొద్దున్నే పనులయ్యాక ఈ గుమ్మంలోకి వచ్చి మీ వీపు చూస్తూ నిలబడుతున్నాను. మాట్లాడుతున్నాను కూడా. మూడేళ్ళలో దాచుకున్నవన్నీ. చిట్టికి జ్వరం వచ్చినప్పుడు ఎంత భయపడ్డానో, మీ చొక్కాలు ఎందుకు ఉతకలేదో, ఇంక ఎక్కడికీ వెళ్ళొద్దని, అన్నీ. గొంతెత్తే చెబుతున్నాను, కంప్యూటర్ గోలకి నాకే వినపడాలి కదా. మీరు తల తిప్పరు. తిప్పరని తెలుసు. తెలిసి కూడా ప్రతిసారీ ఒక్క క్షణం ఆగి చూస్తాను.

ఎదురుగా ఉన్న మనిషి మీద బెంగ పెట్టుకోవడమేమిటో నాకర్థం కావటం లేదు. ఉంది. మీకు తెలియాలని రాస్తున్నాను. మీరు దాచినందుకు తిట్టినదాన్ని, నేను దాచకూడదు కదా.

ఇది మీ కీబోర్డు కింద పెట్టి షాపుకి వెళ్తున్నాను.

మీ
నేను


మన ఇల్లు, కిటికీ దగ్గర బల్ల,
అదే రోజు

నీకు,

బొమ్మలు గీసేటప్పుడు ఈ తెర నల్లగా ఉంటుంది. వెనక గుమ్మం మొత్తం అందులో కనిపిస్తుంది. నువ్వు వచ్చి నిలబడటం మొదటి రోజే చూశాను. పెదాలు కదులుతున్నాయి. తిడుతున్నావేమో అనుకున్నాను. రెండో రోజు కొంగుతో కళ్ళు తుడుచుకున్నావు. తిట్లు కావని తెలిసింది.

తిరగాలనిపించలేదని కాదు. తిరిగితే ఆపేస్తావు. ముఖం మార్చుకుని పలక అందుకుని అన్నం పెట్టనా అని రాస్తావు. అందుకని కదలకుండా కూర్చున్నాను. పని ఏమీ చెయ్యలేదు. పది రోజులుగా ఆ టైముకి నేను గీసిన గీతలన్నీ తర్వాత చెరిపేసుకుంటున్నాను. ఒక్క మాట కూడా తెలియలేదు. నువ్వు అంతసేపు చెబుతున్నావు, నా గురించే చెబుతున్నావు, నాకు ఒక్క మాట దక్కటం లేదు. ఎంత బాధేసిందో ఎలా రాయను?

నువ్వు షాపునుంచి వచ్చేసరికి డబ్బా ఆపేసి ఉంచుతాను. కుర్చీ గుమ్మం వైపు తిప్పుకుని కూర్చుంటాను. చెప్పులు విడిచి, నీళ్ళు తాగి, నా ఎదురుగా వచ్చి కూర్చో. నా చెయ్యి తీసి నీ గొంతు మీద పెట్టుకో. మొదటి రోజు చెప్పినదగ్గర్నుంచి మొదలుపెట్టు. మెల్లగా చెప్పు, నీ ముఖం చూస్తూ ఉంటాను. నాకు తెలియకపోతే మళ్ళీ అడుగుతాను. నువ్వు మళ్ళీ చెప్పు.